మౌరిజియో కాటెలాన్: అరటిపండుకు ముందు ముప్పై ఏళ్లు

#1 పెన్నాగట్టు, నెల్లూరు

2024 నవంబరులో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో, గోడకు టేపుతో అతికించిన అరటిపండు 62 లక్షల డాలర్లకు పోయింది. మన డబ్బులో 50 కోట్ల పైమాటే. అప్పటినుంచి ఆధునిక కళ గురించి ఎవరు నోరెత్తినా ఎదుటివాళ్లు ఆ పండునే ముందుకు తెస్తున్నారు. అది పెట్టిన మనిషి ఎవరు, అంతకుముందు ఏం చేశాడు అని అడిగేవాళ్లు కనపడటం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

మౌరిజియో కాటెలాన్ 1960లో ఇటలీలోని పాదువాలో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లేది. ఆర్ట్ కాలేజీలో చదవలేదు. చిన్నా చితకా ఉద్యోగాలు చేసి, విసిగిపోయి ఇటు వచ్చాడు. 1989లో తన మొదటి సోలో ప్రదర్శనకు గ్యాలరీ తలుపు మూసేసి "ఇప్పుడే వస్తాను" అని బోర్డు తగిలించాడు. అదే ప్రదర్శన. 1991లో మరో ప్రదర్శనకు చేతిలో ఏమీ సిద్ధంగా లేకపోతే, పోలీస్ స్టేషన్‌కు వెళ్లి తన కారులోంచి కంటికి కనపడని శిల్పం దొంగతనం అయిందని ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు టైపు చేసి, ముద్ర వేసి ఇచ్చిన ఆ కాగితాన్నే ఫ్రేము కట్టి గోడకు పెట్టాడు. 1992లో రివారా కోటలో ప్రదర్శనకు పిలిస్తే, దుప్పట్లు ముడేసి కిటికీలోంచి కిందికి వేలాడదీసి వెళ్లిపోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకు కనపడింది ఆ దుప్పట్ల తాడే.

1993లో వెనిస్ బినాలేకు, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనకు, పిలుపు వచ్చింది. ఏ కళాకారుడైనా ప్రాణం పెట్టే వేదిక అది. ఈయన తనకిచ్చిన గోడను ఒక యాడ్ ఏజెన్సీకి అద్దెకిచ్చాడు. వాళ్లు సెంటు ప్రకటన పెట్టుకున్నారు. బినాలేలో చోటు దొరికితే రేటు పెరుగుతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఈయన ఆ మాటను గోడమీదే పెట్టి చూపించాడు.

నా దృష్టిలో ఆయన వ్యంగ్యం పనిచేసేది ఇందుకే. తనకు అన్నం పెట్టే వ్యవస్థ మీదే మొదటి దెబ్బ వేశాడు. భయపడ్డాననీ, పని చేతకావడం లేదనీ చెప్పుకుంటూ వేశాడు. మన తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడు దూరి ఊళ్లో పెద్దమనిషి గుట్టు బయటపెడతాడు. తెర వెనక ఉన్న ఆటగాళ్లను కూడా వదలడు. ఆ తెగింపు ఈయనలో ఉంది.

మీరేమంటారు? చూసినవాళ్లు, చదివినవాళ్లు, కోపం వచ్చినవాళ్లు, అందరూ రాయండి.

#2 నల్లరాయి, చీమకుర్తి

అన్నా, నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తా. గ్యాలరీల సంగతి నాకు తెలియదు గానీ రాయి తెలుసు. మీరు రాసింది చదివి ఆయన పనులు వెతికితే ఒకదాని దగ్గర ఆగిపోయాను. 2007లో చేసింది. ఇటలీలోని కరారా పాలరాయిలో తొమ్మిది శవాలు, నేలమీద వరసగా. ముఖం కనపడదు. పైన కప్పిన గుడ్డ మాత్రమే కనపడుతుంది. ముక్కు దగ్గర లేచి, పొట్ట దగ్గర జారి, కాళ్ల వేళ్ల దగ్గర మళ్లీ లేచిన గుడ్డ. ఆ మడతలన్నీ రాయే.

మా గెలాక్సీ రాయిలో ఇది కుదరదు. నల్లటి రాయి, లోపల రాగిరంగు మెరుపు చుక్కలు, పలక కోసి పాలిష్ పెడితే అద్దం మాదిరి ఉంటుంది. కానీ గట్టి రాయి. ఉలి పెడితే రవ్వలు రవ్వలుగా ఎగిరిపోతుంది. అంత పల్చటి మడత అంచు నిలవాలంటే పాలరాయే కావాలి. దాన్ని చెక్కినవాళ్లు మామూలు పనివాళ్లు కాదు.

ఆ తొమ్మిదింటిని చూసినప్పుడు నాకు వ్యంగ్యం ఏమీ కనపడలేదు. క్వారీలో పెళ్ల విరిగిపడినప్పుడు తెల్లగుడ్డ కప్పి వరసగా పడుకోబెట్టడం మా వైపు చూసినవాళ్లు ఉన్నారు. ఎవరు ఎవరో ఇంటివాళ్లు వచ్చి గుడ్డ తీసేదాకా తెలియదు. ఆ పని చేసినాయనకు ఆ సంగతి తెలుసు అనిపించింది.

నా ప్రశ్న ఒకటే. చెక్కింది ఎవరు? వాళ్ల పేర్లు ఎక్కడా లేవే?

#3 డ్రాయింగ్ మాస్టారు, కావలి

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు మొదట గీత రావాలి, తర్వాతే ఆలోచన అని నమ్మినవాణ్ని, ఇప్పటికీ నమ్ముతున్నాను. పెన్నాగట్టు గారు చెప్పిన తాళం వేసిన గ్యాలరీ, పోలీసు కాగితం నాకు తెలివిగా అనిపించాయి. మెచ్చుకుంటాను. కానీ ఈ మనిషి చేసిన ఇంకో పని గురించి మీరు రాయలేదు. రాయాలి.

2004 మేలో మిలాన్ నగరం నడిబొడ్డున ఒక కూడలిలో పాత ఓక్ చెట్టుకు ముగ్గురు పిల్లల బొమ్మలు ఉరివేసినట్టు వేలాడదీశాడు. అచ్చం నిజం పిల్లల్లా. కాళ్లకు చెప్పుల్లేవు, కళ్లు తెరిచి ఉన్నాయి. మరుసటి రోజే ఒకాయన చూడలేక నిచ్చెన వేసుకుని ఎక్కి, రెండు బొమ్మల తాళ్లు కోసి, మూడోదాని దగ్గర పడిపోయి దెబ్బలు తగిలి ఆసుపత్రి పాలయ్యాడు.

ఇందులో వ్యంగ్యం ఎవరి మీద? గ్యాలరీ మీద వేసిన దెబ్బ గ్యాలరీ యజమానికి తగులుతుంది, సరే. ఆ చెట్టు కింద నుంచి బడికి పోయే పిల్లవాడు ఏం పాపం చేశాడు? టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చినవాడు ఏదో ఒకటి చూడ్డానికి సిద్ధపడి వస్తాడు. దారిన పోయేవాడు అట్లా సిద్ధపడి రాడు. వీధిలో పెట్టే పనికి ఈ బాధ్యత ఎక్కువ. ముప్పై ఏళ్లు పిల్లల మధ్య బతికినవాణ్ని, దీన్ని నేను ఒప్పుకోలేను.

#4 పెన్నాగట్టు, నెల్లూరు

మాస్టారూ, ఆ పని నాకూ మింగుడుపడదు. చూసినవాళ్లు పిల్లల మీద హింస గురించి ఆలోచించారని సమర్థించేవాళ్లు ఉన్నారు. నాకు ఆ వాదన చాలదు. దాంట్లో కళాకారుడు ఎక్కడా లేడు, చూసేవాడు మాత్రమే దెబ్బ తిన్నాడు. 1996లో చేసిన ఉడుత పని చూడండి, తేడా తెలుస్తుంది. చిన్న వంటగది, పాత పసుపు బల్ల, సింకులో కడగని గిన్నెలు, బల్లమీద తల వాల్చేసిన చచ్చిన ఉడుత, కింద బొమ్మంత పిస్తోలు. ఆ వంటగది ఆయన చిన్నప్పటి ఇంట్లోదే. చూడాలంటే మోకాళ్ల మీద వంగాలి. అక్కడ ఆయన తన పేదరికాన్నీ తన దిగులునీ పెట్టాడు. మిలాన్ చెట్టు దగ్గర అట్లాంటిది ఏమీ పెట్టలేదు.

@నల్లరాయి, మీ ప్రశ్నకు ప్లీడరు గారు సరిగ్గా చెప్పగలరు. కోర్టు దాకా పోయిన వ్యవహారం అది.

#5 కోర్టు సెంటర్, ఒంగోలు

పిలిచారు కాబట్టి చెప్తాను. ఆ పాలరాయి పని గురించి కాదు, మైనపు బొమ్మల గురించి.

కాటెలాన్ పేరు మోసిన మైనపు బొమ్మలు, పోప్ బొమ్మ, మోకాళ్ల మీద కూర్చున్న హిట్లర్ బొమ్మ లాంటివి, చేతులతో చేసింది డానియెల్ ద్రూయే అనే ఫ్రెంచి శిల్పి. తానే అసలు కర్తనని, గ్యాలరీ మీదా, పారిస్‌లో ప్రదర్శన పెట్టిన మ్యూజియం మీదా కేసు వేశాడు. 2022 జూలైలో పారిస్ కోర్టు ఆయన దావా చెల్లదంది. కాటెలాన్‌ను నేరుగా ప్రతివాదిగా చేర్చకపోవడం అందులో ముఖ్యమైన సంగతి. కాబట్టి "చేతిపని చేసినవాడికి హక్కు లేదు" అని కోర్టు లోకానికంతా తీర్పు చెప్పేసిందని అనుకోకండి. అయితే కాటెలాన్ వైపు వాదన స్పష్టంగా ఉంది: ఏ బొమ్మ, ఎంత సైజు, ఏ భంగిమ, ఎక్కడ ఎట్లా పెట్టాలి అన్నీ నేను చెప్పాను, ఆయన చేశాడు.

హిట్లర్ బొమ్మే తీసుకోండి. 2001 నాటిది. వెనకనుంచి వెళ్లేవాడికి బడిపిల్లవాడు మోకరిల్లి ప్రార్థన చేస్తున్నట్టు కనపడుతుంది. ముందుకు వచ్చి ముఖం చూస్తే గుండె ఆగుతుంది. ఆ ముఖం ద్రూయే చేతిది. కానీ ఒళ్లు పిల్లవాడిది, ముఖం హిట్లర్‌ది కావాలని, జనం వెనకనుంచే రావాలని అనుకున్నది కాటెలాన్. 2016లో క్రిస్టీస్ వేలంశాల‌లో ఒక ప్రతి కోటీ 70 లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బులో శిల్పికి వాటా ఉండాలా వద్దా అంటే, చట్టం ఒకటి, న్యాయం ఒకటి. నా వరకు పక్కన పేరైనా ఉండాలి.

అరటిపండు విషయంలో కొన్నవాడికి దక్కింది పండు కాదు. ఒక సర్టిఫికెట్, దాంతోపాటు సూచనల పుస్తకం. నేలనుంచి 175 సెంటీమీటర్ల ఎత్తున అతికించాలి, పండు చెడిపోతే మార్చుకోవచ్చు అని అందులో ఉంటుంది. మీ ఇంట్లో మీరూ అతికించుకోవచ్చు, ఎవరూ అడగరు. దాన్ని కాటెలాన్ పని అని చెప్పి అమ్మలేరు, అంతే. ఇంకో అమెరికన్ కళాకారుడు నేను 2000లోనే అరటిపండు, నారింజ అతికించాను అని ఫ్లోరిడాలో కేసు వేశాడు. 2023లో అది కొట్టేశారు. గోడకు పండు అతికించడం అనే ఆలోచన ఒక్కడి సొత్తు కాదని తేలింది.

#6 అరటిగెల, నెల్లూరు

మాది పండ్ల వ్యాపారం. అందుకే ఇందులో దూరుతున్నా.

ఆలోచనకు విలువ ఉంటుందా అని ఎవరైనా అడిగితే నేను ఆశ్చర్యపోను. ఏటా మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూస్తూ పెరిగినదాన్ని. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె. పిండి అన్నిటికీ ఒకటే. చేతిలో పట్టుకున్నవాళ్ల కోరిక వేరు. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఇస్తారు. అది భక్తి, ఇది కళ, రెండూ ఒకటని అనను. వస్తువులో కంటికి కనపడనిది ఉంటుందని మాకు కొత్తగా చెప్పక్కర్లేదని మాత్రం అంటాను.

కానీ రొట్టె చేతులు మారితే ధర పెరగదు. అక్కడే నాకు ఈ అరటిపండు మీద బాధ. 2024లో వేలం వేసిన ఆ పండును అదే రోజు వేలంశాల బయట బండి మీద 35 సెంట్లకు కొన్నారు. ఆ బండి దగ్గర పనిచేసే పెద్దాయన బంగ్లాదేశ్ నుంచి వలస పోయినవాడు. తను అమ్మిన పండు ఎంతకు పోయిందో విలేకరి చెబితే ఏడ్చాడని పత్రికలో రాశారు. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ హాంకాంగ్‌లో విలేకరుల్ని పిలిచి మరీ దాన్ని తినేశాడు.

వ్యంగ్యం పైవాళ్ల మీద అన్నారు పెన్నాగట్టు అన్నా. పైవాళ్లు బాధపడ్డారా? వాళ్లు ఫొటోలు దిగారు. కన్నీళ్లు వచ్చింది బండి దగ్గర నిలబడిన మనిషికి. రాత్రి మూడింటికి లారీ దిగుమతి చూసుకుని, నలుగుడు పడిన గెల పక్కన పెట్టి నష్టం లెక్కేసుకునేవాళ్లకు ఈ సంగతి గట్టిగా తగులుతుంది.

#7 నల్లరాయి, చీమకుర్తి

అక్కా, కరెక్టుగా చెప్పారు. పలక ఇక్కడ పోయే రేటు, పైదేశంలో ఫ్లోరుకు వేసే రేటు తెలిసినవాళ్లం మేం. ఈ లెక్క మాకు అరటిపండు వల్ల తెలిసింది కాదు.

#8 పెన్నాగట్టు, నెల్లూరు

అరటిగెల గారూ, మీ మాటకు నేను అడ్డు చెప్పను. ఒక సంగతి మాత్రం జత చేస్తాను. 2024 వేలంలో వచ్చిన డబ్బు కాటెలాన్‌కు పోలేదు. అమ్మినది ముందు కొనుక్కున్నవాళ్లు. 2019 డిసెంబరులో మయామీలో పెరోటిన్ గ్యాలరీ పెట్టిన ధర లక్షా ఇరవై వేల డాలర్లు. మూడు ప్రతులు అమ్మారు. ఐదేళ్లలో దాన్ని యాభై రెట్లు చేసింది వేలం బజారు. మీరన్నట్టు పైవాళ్లు సిగ్గుపడలేదు, నిజం. కానీ అంతవరకు లోపల లోపల జరిగే ఆ లెక్క చీమకుర్తిలో, నెల్లూరు పండ్ల మార్కెట్లో కూర్చున్నవాళ్లు మాట్లాడుకునేదాకా వచ్చింది. ఆ పండు పనిచేసిందంటే నా ఉద్దేశం ఇదే.

ఆ టేపు కూడా కొత్తది కాదు. 1999లో మిలాన్‌లో తన గ్యాలరీ యజమాని మాసిమో దె కార్లోనే టేపుతో గోడకు అతికించేశాడు. కాళ్లు నేలకు ఆనకుండా, సూటు మీదుగా అడ్డదిడ్డంగా టేపు. అమ్మేవాడే సరుకయ్యాడు. 1995లో ఇంకో గ్యాలరీ యజమాని పెరోటిన్‌ చేత గులాబీరంగు కుందేలు వేషం, అదీ అసభ్యంగా కనపడే ఆకారంలో, ప్రదర్శన జరిగినన్నాళ్లూ వేయించాడు. అరటిపండు అమ్మింది అదే పెరోటిన్. ఈ వరస తెలియకుండా 2019ని మాత్రం చూస్తే అర్థం కాదు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది ఆయన క్యూరేటర్ పని గురించి, అంటే ప్రదర్శనలో ఎవరి పనులు ఎక్కడ ఎట్లా పెట్టాలో చూసే పని. మన దగ్గర ఎవరూ పట్టించుకోని భాగం ఇది.

1999లో క్యూరేటర్ యెన్స్ హాఫ్‌మన్‌తో కలిసి "ఆరవ కరీబియన్ బినాలే" ప్రకటించాడు. అంతకుముందు ఐదు జరగలేదు. పత్రికల్లో ప్రకటనలు వేశారు, పేరున్న కళాకారుల్ని సెయింట్ కిట్స్ దీవికి పిలిచారు. అక్కడ ఒక్క బొమ్మ కూడా పెట్టలేదు. అందరూ వారం రోజులు సముద్రం ఒడ్డున సెలవు గడిపి వచ్చారు. అప్పటికి ప్రపంచంలో ప్రతి నగరం ఒక బినాలే మొదలుపెడుతోంది. పిలిచే పేర్లు అవే, తిరిగే మనుషులు వాళ్లే. కళ తీసేస్తే మిగిలేది ఏమిటో చూపించాడు.

దీనికంటే నాకు ఇష్టమైనది 2002లో న్యూయార్క్ చెల్సీలో క్యూరేటర్లు మాసిమిలియానో జియోనీ, అలీ సుబోత్నిక్‌లతో కలిసి తెరిచిన "రాంగ్ గ్యాలరీ". పెద్ద పెద్ద గ్యాలరీలున్న వీధిలో ఒక గాజు తలుపు, దాని వెనక మనిషి లోపలికి వెళ్లి తిరగడానికి కూడా చాలని చోటు. తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. వీధిలో నిలబడి గాజులోంచి చూడాల్సి వచ్చేది. అక్కడ ఏమీ అమ్మలేదు. మూడేళ్ల పాటు ఒకరి తర్వాత ఒకరికి ఆ చోటు ఇచ్చారు. అక్కడ ఖాళీ చేయాల్సి వస్తే 2005లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం తన భవనంలో దానికి చోటిచ్చింది.

తర్వాత 2006లో అదే ముగ్గురికీ నాలుగో బెర్లిన్ బినాలే అప్పగించారు. ఈసారి ఆటపట్టించలేదు. ఔగుస్ట్ స్ట్రాసె అనే ఒక్క వీధిని తీసుకుని చర్చిలో, మూతపడిన యూదు ఆడపిల్లల బడిలో, జనం కాపురముండే ఫ్లాట్లలో, పాత డాన్సు హాల్లో, శ్మశానంలో పనులు పెట్టారు. చూసేవాళ్లు ఆ వీధి పొడుగునా నడుస్తూ బెర్లిన్ చరిత్రలోంచి నడిచారు. ఎగతాళి చేసినవాడు బాధ్యత మీద పడ్డప్పుడు ఎట్లా చేస్తాడో అక్కడ చూశాం. కొచ్చి బినాలే 2012లో మొదలైనప్పటి నుంచి క్యూరేటర్లుగా కళాకారులనే పెడుతోంది. పాత గోదాముల్లో, రేవు ఒడ్డున బొమ్మలు చూస్తున్నప్పుడు నాకు ఆ బెర్లిన్ వీధి గుర్తొస్తుంది.

#9 ఉదయగిరి కొయ్య, ఉదయగిరి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొయ్య స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. మా అమ్మ, పిన్ని ఇద్దరూ ఈ పనే. స్పూను కాడ చివర చేప తల, చిలక ముక్కు, తీగలు సన్నగా చెక్కుతారు. కర్ర అడవి నుంచి రావాలి, ఆరాలి, ఆకురాయి పట్టాలి, తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఎగ్జిబిషన్లలో "ఉదయగిరి చెక్క కళ" అని బోర్డు పెడతారు. చేసినవాళ్ల పేరు ఉండదు. ప్లీడరు సార్ చెప్పిన ఫ్రెంచి శిల్పి కథ చదివి మా అమ్మకు వినిపించాను. "కేసు వేశాడా? మంచి పని చేశాడు" అంది.

నాకు రాంగ్ గ్యాలరీ సంగతి బాగా నచ్చింది. నెల్లూరులో బొమ్మలు పెట్టాలంటే హాలు అద్దె కట్టాలి, ఫ్లెక్సీ వేయాలి, ఎవరో ఒకరిని ముఖ్య అతిథిగా పిలవాలి, శాలువా కొనాలి. మాలాంటివాళ్లు అందుకే ముందుకు రారు. తలుపంత చోటు చాలంటే అది మనమూ చేయొచ్చు కదా?

#10 క్వయర్ గొంతు, ఒంగోలు

పోప్ బొమ్మ గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. నేను చర్చి క్వయర్‌లో పాడతాను. మాది క్యాథలిక్ కుటుంబం. మా ఇంట్లో పోప్ జాన్ పాల్ ఫొటో ఉండేది. అందుకని ఈ బొమ్మ నాకు దూరపు విషయం కాదు.

1999లో చేశాడు. ఎర్ర తివాచీ మీద ఆ జాన్ పాలే పడిపోయి ఉంటాడు. ఆకాశం నుంచి పడిన ఉల్క కాళ్ల మీద ఉంటుంది. చుట్టూ పగిలిన గాజు పెంకులు. 2000 డిసెంబరులో పోలండ్ రాజధాని వార్సాలోని జహెంతా గ్యాలరీలో పెట్టినప్పుడు ఇద్దరు పార్లమెంటు సభ్యులు వచ్చి ఆ రాయిని పక్కకు తీసేసి బొమ్మను లేపి నిలబెట్టబోయారు. పోలండ్‌లో అక్కడే పుట్టిన ఆ పోప్ అంటే ఎంత గౌరవమో తెలుసు కాబట్టి నాకు వాళ్ల బాధ అర్థమైంది. కానీ దాంతో ఆగలేదు. గొడవ ముదిరి గ్యాలరీ డైరెక్టరు పదవి వదులుకోవాల్సి వచ్చింది. అది తప్పు.

నేను ఫొటోను చాలాసేపు చూశాను. ఆ పడిపోయిన మనిషి శిలువ ఉన్న దండాన్ని వదల్లేదు. రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు, నొసలు ముడిపడింది. ఆ బొమ్మ పేరుకు అర్థం తొమ్మిదో గంట. సువార్తలో యేసు శిలువ మీద "నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి" అని కేక వేసిన గంట అది. అది తెలిసిన తర్వాత దాన్ని ఎగతాళి అని అనలేకపోయాను. భారం మోస్తున్న ముసలి మనిషిని చూశాను. మన తెలుగులో నిందాస్తుతి వందల ఏళ్లుగా ఉంది. దేవుణ్ని నిలదీసి, తిట్టి, ఆ తిట్టులోనే చేతులు జోడించిన భక్తులు ఉన్నారు. ఆ కళ్లతో చూడండి.

దీనికి ఒక కొనసాగింపు ఉంది. 2024 వెనిస్ బినాలేలో వాటికన్ తన ప్రదర్శనను జుదెక్కా దీవిలోని ఆడవాళ్ల జైల్లో పెట్టింది. దాని బయటి గోడ మీద బొమ్మ వేయమని కాటెలాన్‌ను పిలిచింది. రెండు అరికాళ్లు గోడంతా ఉండేటట్టు వేయించాడు. మట్టి కొట్టుకుపోయిన అరికాళ్లు, నలుపు తెలుపుల్లో. లోపల ఖైదీ ఆడవాళ్లే వచ్చినవాళ్లకు దగ్గరుండి పనులు చూపించారు. ఏప్రిల్ 28న పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లాడు. వెనిస్ బినాలేకు వెళ్లిన మొదటి పోప్ ఆయనే. ఉల్క బొమ్మ చేసినవాణ్ని పాతికేళ్ల తర్వాత చర్చే పిలిచింది. క్షమించారని నేను అనను. అప్పటి బొమ్మను సరిగ్గా చదివినవాళ్లు లోపల ఉన్నారు, అందుకు నాకు సంతోషం.

#11 డ్రాయింగ్ మాస్టారు, కావలి

అమ్మా, చాలా బాగా రాశారు. ఆ అరికాళ్ల బొమ్మ గురించి వింటుంటే 15వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు మాంతెన్యా గీసిన క్రీస్తు గుర్తొస్తాడు. పాదాల వైపు నుంచి చూసినట్టు పడుకుని ఉంటాడు. అరికాళ్లు మన ముఖం ముందే ఉంటాయి. అంత కష్టమైన కోణం. నేను క్లాసులో దాన్ని బోర్డు మీద గీసి చూపించేవాణ్ని. గీత గురించి నేను అన్నమాట అందుకే మార్చుకోను. ఆ గీత తెలిసినవాడి ఆలోచన కాబట్టే ఆ గోడ నిలబడింది.

మిలాన్ చెట్టు విషయంలో నా అభిప్రాయం అదే.

ఉదయగిరి అబ్బాయి అడిగిన తలుపంత చోటు గురించి. స్టోన్‌హౌస్‌పేటలో మా బంధువుల కొట్టు ఒకటి మూతపడి ఉంది. షట్టరు వెనక గాజు తలుపు ఉంది, లోపల లైటు ఉంది. అడిగితే కాదనరు.

#12 కోర్టు సెంటర్, ఒంగోలు

అడగండి మాస్టారూ, కానీ నోటిమాట వద్దు. తెల్లకాగితం మీద యజమాని సంతకంతో అనుమతి, ఎన్ని నెలలు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఇవన్నీ రాయించుకోండి. నమూనా నేను పంపుతాను. వీధికి కనపడేటట్టు పెడుతున్నారు కాబట్టి మాస్టారు ముందే చెప్పిన జాగ్రత్త గుర్తుంచుకోండి. పిల్లలు ఆ దారిన పోతారు. షట్టరు ముందు జనం గుమిగూడితే పక్క కొట్లవాళ్లకు ఇబ్బంది. వాళ్లకు ముందుగా చెప్పాలి.

#13 అరటిగెల, నెల్లూరు

స్టోన్‌హౌస్‌పేట అయితే నేను రోజూ అటే పోతాను. సాయంత్రం లైటు వేయడం, రాత్రి తీయడం నేను చూసుకుంటా. నాదొక షరతు. అక్కడ పెట్టేదానికి ధర రాయకూడదు, ఎవరూ అమ్మకూడదు. చేసినవాళ్లకు కూలి మనం చందా వేసుకుని ముందే ఇచ్చేయాలి.

#14 నల్లరాయి, చీమకుర్తి

చందాలో నేనున్నా. పలక ఒకటి నేను తెస్తా. మా దగ్గర అంచు విరిగిన గెలాక్సీ ముక్కలు పడి ఉంటాయి. అడుగు వెడల్పుది పాలిష్ పెట్టి దాని మీద చేసినవాళ్ల పేరు చెక్కిస్తా. పని మారినప్పుడల్లా కొత్త పలక.

#15 పెన్నాగట్టు, నెల్లూరు

అరటిగెల గారి షరతు నాకు పూర్తిగా సమ్మతం. రాంగ్ గ్యాలరీలో కూడా అమ్మకం లేదు. మొదటి చోటు ఉదయగిరి వాళ్లకే ఇద్దాం. తమ్ముడూ, అమ్మగారిని, పిన్నిగారిని అడుగు. ఏం పెడతారో వాళ్లిష్టం. మనం వేలు పెట్టొద్దు.

#16 ఉదయగిరి కొయ్య, ఉదయగిరి

అడిగాను అన్నా. అమ్మ స్పూన్లు పెట్టనంది. ఎగ్జిబిషన్లో అవే పెడతారు, ఇక్కడ కూడా అవే ఎందుకు అంది. ఎగ్జిబిషన్ స్టాళ్లలో చేసినవాళ్లను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, రిబ్బన్ కత్తిరించేవాళ్లను ముందు నిలబెడతారు కదా. పిన్ని ఆ కుర్చీనే కొయ్యలో చేస్తానంది. జానెడు కుర్చీ, దాని ముందు జానెడు కత్తెర, కత్తెర పిడికి మాత్రం చిలకలు, తీగలు అన్నీ చెక్కుతుందట. నెల పడుతుంది. కర్ర ఆరాలి. @నల్లరాయి అన్నా, పలక మీద రెండు పేర్లు రావాలి, ఇద్దరూ కలిసి చేస్తున్నారు. పేర్లు ఎట్లా రాయాలో విడిగా పంపిస్తా.